కర్త లేని హత్యలు



ఆధునిక నాటకంలోని హింసను గురించి మాట్లాడేవారి నోట ఒక మాట తరచుగా వినవస్తున్నది. రంగస్థలం మీద ఒకడు ఇంకొకణ్ణి చంపుతాడు. కాని చంపినవాడు చంపలేదట. వాడిలో నుంచి చరిత్ర చంపిందట, వ్యవస్థ చంపిందట, చిన్ననాడు తగిలిన గాయమేదో చంపిందట. "నేను" అన్నదే ఒక భ్రమ అయినప్పుడు "నేను చేశాను" అనడానికి ఆస్కారమెక్కడిదట. ఆధునిక నాటకకర్త కనిపెట్టిన మహాసత్యం ఇదేనని తీర్మానిస్తారు. అంతటితో ఆగుతారా అంటే ఆగరు. ఇది మనకేమీ కొత్త కాదు సుమా, ఆత్మ చంపదు, చావదు అని భగవద్గీత ఎన్నడో చెప్పింది అంటూ ఒక శ్లోకాన్ని తెచ్చి అతికిస్తారు. పడమటి సిద్ధాంతానికి తూర్పు తిలకం దిద్దుతారు. సభలో చప్పట్లు మోగుతాయి.

ఈ వాదం అబద్ధమని నా నిశ్చితాభిప్రాయం. నాటకం విషయంలోనూ అబద్ధమే, గీత విషయంలోనూ అబద్ధమే. కేవలం సాహిత్య చర్చలో దొర్లిన పొరపాటే అయితే నేనూ ఊరుకునేవాణ్ణి. ఇది నాటకశాల దాటి వీధిలోకి, వార్తాపత్రికలోకి వచ్చి కూర్చునే అబద్ధం. అందుకని ఈ టపా.

నేను చదివింది భాషాప్రవీణ. ఉద్యోగ జీవితమంతా చెప్పింది తెలుగు పాఠం. నాకు తత్త్వశాస్త్రం కంటె వ్యాకరణంతోనే పరిచయమెక్కువ కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. తెలుగులో మూడు క్రియలున్నాయి: చచ్చు, చంపు, చంపించు. "రంగయ్య చచ్చాడు" అన్నాననుకోండి, ఆ వాక్యంలో ఉన్నది ఒక్క మనిషే. "వీరయ్య రంగయ్యను చంపాడు" అంటే ఇద్దరు. "దొర వీరయ్య చేత రంగయ్యను చంపించాడు" అంటే ముగ్గురు. మూడు వాక్యాలలోనూ శవం ఒక్కటే. మారినదల్లా మనకు కనబడే మనుషుల సంఖ్య. హింసను గురించిన ప్రతి మంచి నాటకమూ మొదటి వాక్యంతో బయలుదేరి మూడవ వాక్యం దాకా నడుస్తుంది. శవాన్ని చూసిన ప్రేక్షకుడికి ఆ వెనుక చంపినవాణ్ణి చూపుతుంది, వాడి వెనుక నిలబడి చంపించినవాణ్ణి చూపుతుంది. మన విమర్శకులు ఈ నడకను వెనక్కి తిప్పుతున్నారు. మూడవ వాక్యంతో మొదలుపెట్టి, మెల్లగా ఒక్కొక్కరినీ తప్పిస్తూ, చివరికి "రంగయ్య చచ్చాడు" దగ్గరకు తెచ్చి నిలబెడుతున్నారు. దానికి లోతైన చింతన అని పేరు.

ఉపాధ్యాయులకు ఈ విద్య కొత్త కాదు. ఆరవ తరగతిలో ఒక పిల్లవాడి నుదురు చిట్లి నెత్తురు కారుతుంటుంది. పక్కవాణ్ణి నిలబెట్టి ఏం జరిగిందిరా అంటే "దెబ్బ తగిలిందండీ" అంటాడు. రూళ్ళకర్ర ఇంకా వాడి చేతిలోనే ఉంటుంది. "తగిలింది" అన్న ఒక్క అకర్మక క్రియ చాటున పదకొండేళ్ళవాడు ఎంత హాయిగా దాక్కుంటాడో చూడవలసిందే. వాడి నోట "కొట్టానండీ" అన్న మాట రాబట్టడానికి ఒక్కొక్కసారి పీరియడంతా పట్టేది. ఆ మాట బయటికి వచ్చిన తరువాతనే వాడికి ఏడుపు వచ్చేది. అంతవరకు ఏడ్చింది దెబ్బ తిన్నవాడొక్కడే.

పాణిని కర్తకు చెప్పిన లక్షణం స్వాతంత్ర్యం. ఒక క్రియ విషయంలో ఎవడు స్వతంత్రుడో వాడు కర్త. ఆ వెంటనే, మరుసటి సూత్రంలోనే, ఆ స్వతంత్రుణ్ణి ప్రేరేపించినవాణ్ణి కూడా కర్త అనవలసిందే అంటాడు. వాడికి హేతువు అని ఇంకొక పేరు కూడా పెడతాడు. ప్రేరేపించినవాడు ప్రయోజక కర్త, ప్రేరణకు లోబడి పని చేసినవాడు ప్రయోజ్య కర్త. ఇక్కడొక సూక్ష్మం ఉన్నది. ఒకడు పురికొల్పినంత మాత్రాన రెండవవాడి కర్తృత్వం రద్దు కాలేదు. ఉన్న కర్తను తీసివేసి వాడి స్థానంలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టడం శాస్త్రం ఉద్దేశం కాదు. ఒకడు ఉండగానే ఇంకొకణ్ణి చేర్చింది. "పై నుంచి ఆజ్ఞ వచ్చింది, చేశాను" అనేవాడికి వ్యాకరణం చెప్పే సమాధానం ఏమిటంటే, ఆజ్ఞ ఇచ్చినవాడూ కర్తే, నాయనా నీవూ కర్తవే.

శాస్త్రం తెలిసినవారు ఇక్కడ ఒక ఆక్షేపణ చేయవచ్చు. కుండ వండుతున్నది అన్న ప్రయోగాన్ని కూడా వైయాకరణులు ఒప్పుకున్నారు కదా, అధికరణమైన కుండకే వక్త వివక్షను బట్టి కర్తృత్వం వచ్చినప్పుడు, పరిస్థితులు చంపాయి అంటే దోషమేమిటి అని. దోషం లేదు. కుండ వండిందని నిస్సందేహంగా అనవచ్చు. కాని అన్నం మాడిపోయినప్పుడు కుండను కోప్పడినవారిని నేను చూడలేదు. పైగా వివక్ష అన్నది చెప్పేవాడి ఎంపిక. హంతకుణ్ణి వాక్యంలో నుంచి తొలగించిన విమర్శకుడు ఆ తొలగింపుకు తానే కర్త. ఆ మేరకైనా లోకంలో కర్త ఒకడున్నాడని ఆయన ఒప్పుకోక తప్పదు.

ఇక నాటకానికి వద్దాం. ఈ వాదులు తరచుగా సాక్ష్యానికి పిలిచేది ధర్మవీర్ భారతి రచించిన హిందీ కావ్యనాటకం "అంధా యుగ్". 1954లో వెలువడింది. దేశ విభజన నాటి నెత్తురు ఇంకా ఆరలేదు. హిరోషిమా మీద అణుబాంబు పడి తొమ్మిదేళ్ళు. 1962లో సత్యదేవ్ దూబే బొంబాయిలో ప్రదర్శించాడు. ఆ పిమ్మట ఇబ్రహీం అల్కాజీ ఢిల్లీలో ఫిరోజ్ షా కోట్లా శిథిలాలనే రంగస్థలంగా చేసుకొని ఆడించాడు. స్వతంత్ర భారతంలో యుద్ధాన్ని గురించి వచ్చిన నాటకాలలో దీనికి సాటి రాగలిగినవి బహు కొద్ది.

భారత యుద్ధం పద్ధెనిమిదవ నాటి సాయంకాలం ఈ నాటకం మొదలవుతుంది, ప్రభాస తీర్థంలో కృష్ణ నిర్యాణంతో ముగుస్తుంది. భాసుని "ఊరుభంగం" ఎక్కడ ముగుస్తుందో ఇంచుమించు అక్కడ ఇది అందుకుంటుంది. రంగం మీద మరణాన్ని చూపరాదన్న సంప్రదాయాన్ని కాదని భాసుడు దుర్యోధనుణ్ణి ప్రేక్షకుల కళ్ళ ముందే చనిపోనిచ్చాడు. తొడలు విరిగి పడి ఉన్న ఆ దుర్యోధనుడు ఇక పగ చాలించమన్న ధోరణిలోనే అశ్వత్థామతో మాట్లాడతాడు. అశ్వత్థామ వినడు. రాత్రి సంహారానికే బయలుదేరతాడు. పురికొల్పవలసినవాడే వద్దంటున్నా వెళ్ళాడంటే భాసుని అశ్వత్థామకు ప్రయోజక కర్త కూడా లేడన్నమాట.

వ్యాసుడి దగ్గర ఈ విషయం ఇంకా స్పష్టం. తిక్కనగారు విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెనిగించారు కనుక సౌప్తిక పర్వం మనకు ఇంటి సొత్తే. అర్ధరాత్రి మర్రిచెట్టు కింద కృపుడు, కృతవర్మ నిద్రపోతారు, అశ్వత్థామకు నిద్ర రాదు. చెట్టు మీద నిద్రిస్తున్న కాకులను ఒక గుడ్లగూబ వచ్చి చంపడం చూస్తాడు. అతడికి ఉపాయం తోస్తుంది. మేనమామ కృపాచార్యుడు లేచి వారిస్తాడు. ఈ రాత్రికి పడుకో, రేపు ధృతరాష్ట్రుణ్ణి, గాంధారిని, విదురుణ్ణి అడిగి వారు చెప్పినట్లు చేద్దామంటాడు. నిద్రలో ఉన్నవారిని చంపడం అధర్మమని విడమరచి చెబుతాడు. దానికి అశ్వత్థామ ఇచ్చిన సమాధానాన్ని మన విమర్శకులు ఒక్కసారి చదవాలి. తండ్రిని చంపినవారిని నిద్రలోనే చంపుతాను, అందువల్ల పురుగుగానో మిడతగానో పుట్టవలసి వస్తే పుడతాను అంటాడు.

నైయాయికులు కర్తకు మూడు గుర్తులు చెబుతారు. చేసేదేమిటో తెలియడం, చేయాలనే కోరిక, చేయడానికి తగిన ప్రయత్నం. జ్ఞానం, చికీర్ష, కృతి. అశ్వత్థామలో ఈ మూడింటిలో ఏది లోపించింది? ఏమీ లోపించలేదు సరికదా, ఫలమేమిటో కూడా తెలుసు, దానిని అనుభవించడానికి సిద్ధపడ్డాడు కూడా. లోకసాహిత్యంలో ఇంతకంటె సంపూర్ణుడైన కర్త దొరకడం కష్టం. అతడు చేసినది ఘోరం. ఆ ఘోరం తనదేనని అన్నాడు.

శివుడు అతడిలో ప్రవేశించాడు కదా, అప్పుడిక చంపింది శివుడే కదా అని ఒక ప్రశ్న ఉన్నది. కథాక్రమం చూడండి. సంకల్పం మొదట. కృపుడి వారింపు, దాని తిరస్కారం ఆ పిమ్మట. శిబిర ద్వారం దగ్గర మహాభూతమొకటి అడ్డు నిలిచినప్పుడు తనను తాను అగ్నికి ఆహుతిగా ఇచ్చుకొన్నాడు. అటుపైనగాని శివుడు ప్రవేశించి ఖడ్గమివ్వలేదు. దైవం ఇచ్చినది బలం. సంకల్పం అప్పటికే అతడి దగ్గర ఉన్నది. వ్యాసుడు ఈ రెండింటినీ ఒకే కథలో ఉంచి కూడా అశ్వత్థామను విడిచిపెట్టలేదు. మూడువేల ఏళ్ళు చీము నెత్తురుల కంపుతో ఒంటరిగా తిరగమన్న శాపం పడింది శివుడి మీద కాదు.

ద్వారం దగ్గర నిలిచిన ఇద్దరిని కూడా మరువరాదు. అధర్మమని అంతసేపు బోధించిన కృపుడే చివరకు కృతవర్మతో కలిసి వాకిట కాపుకాశాడు, పారిపోయి వచ్చినవారిని నరికాడు. ఇద్దరూ కలిసి శిబిరానికి మూడుచోట్ల నిప్పు పెట్టారు. తెలిసి, చెప్పి, ఆపైన పాల్గొన్న మనిషి కృపుడు. ప్రతి ఘోరంలోనూ చంపినవాడి పక్కన ఇటువంటి విద్యావంతుడొకడు ఉంటాడు. కర్త లేడన్న సిద్ధాంతం అందరికంటె ఎక్కువగా పనికివచ్చేది వీడికే.

ఇప్పుడు భారతి అశ్వత్థామను చూడండి. ఇతడు వ్యాసుని అశ్వత్థామ కాడు. ధర్మరాజు పలికిన అర్ధసత్యం వల్ల తండ్రి చనిపోయాక ఇతడి లోపల ఏదో తెగిపోయింది. తనలో మిగిలినది మృగమే అనుకుంటాడు. హత్య తనకిక నీతికి సంబంధించిన విషయం కాదనీ, అదొక మనోగ్రంథి అయిపోయిందనీ చెప్పుకుంటాడు. కౌరవులకే జయమని జోస్యం చెప్పిన ఒక ముసలి యాచకుణ్ణి గొంతు నులిమి చంపి, తానేం చేశాడో, అసలు ఏమైనా చేశాడో లేదో తనకే తెలియనట్లు మేనమామను అడుగుతాడు. ఆధునిక వాదులకు కావలసిన వాక్యం ఇక్కడ దొరుకుతుంది. చూశారా, ఇక్కడ "నేను" లేదు, గ్రంథి ఉన్నది, కర్త లేడు, క్రియ ఉన్నది అంటారు.

అవును, అశ్వత్థామ అలాగే అంటాడు. కాని పాత్ర చెప్పినదంతా నాటకం చెప్పినట్లేనా? "దెబ్బ తగిలింది" అన్న పిల్లవాడి మాటే తగాదా మీద తీర్పు అవుతుందా? నాటకం అతణ్ణి నమ్మలేదనడానికి రంగం మీదే సాక్ష్యం ఉన్నది. అతడు చంపానో లేదో అన్న ఆ ముసలివాడు తిరిగి వస్తాడు. ప్రేతమై వచ్చి నడి నాటకంలో నిలబడి మాట్లాడతాడు. చంపినవాడు మరచినా చచ్చినవాడు మరువడని చూపడానికి రంగస్థలం మీద ఇంతకంటె సూటి మార్గం ఏమున్నది? చివరి అంకంలో కృష్ణుడి పాదానికి బాణం వేసే వ్యాధుడు కూడా ఆ ముసలివాడే. కర్త లేని హత్య అని కొట్టివేసినది తిరిగి తిరిగి దేవుడి పాదం దాకా వచ్చింది.

భారతి నాటకంలో నిజంగా కర్తృత్వం లేనివారు ఇద్దరున్నారు. వారు ప్రహరులు, కాపలా భటులు. శూన్యమైన నగరంలో, కాపలా కాయడానికి ఏమీ మిగలని రాజప్రాసాదంలో, అటూ ఇటూ నడుస్తుంటారు. ఎన్నడూ ఏదీ తాము నిర్ణయించలేదు. రాజులు మారతారు, వారి నడక మారదు. "నేను" లేకపోవడమే మోక్షమైతే ఈ ఇద్దరూ జీవన్ముక్తులు కావాలి. భారతి వారికి ఇచ్చినది మోక్షం కాదు, ఒక నడవ. ఆత్మలేమిని ఆదర్శంగా ప్రచారం చేసేవారు ఆ నడవలో ఒక పూట పచార్లు చేసి రావాలి.

వారికి ఎదురుగా యుయుత్సుడు. ధృతరాష్ట్రుడి కొడుకై ఉండి ధర్మం పాండవుల పక్షాన ఉన్నదని తనంతట తాను నిర్ణయించుకొని అటు పోరాడినవాడు. వ్యాసభారతంలో యుయుత్సుడు బతుకుతాడు. పాండవులు మహాప్రస్థానానికి వెళుతూ రాజ్యభారాన్ని అతడి చేతిలోనే పెడతారు. భారతి కథ మార్చాడు. యుద్ధం తరువాత అతణ్ణి గాంధారి దగ్గరకు రానివ్వదు, గెలిచిన పక్షంలో భీముడు ఎగతాళి చేస్తాడు, చివరికి ఆత్మహత్య చేసుకొంటాడు. ఎందుకీ మార్పు? తప్పు చేసినవాడు తన పని తనది కాదని తప్పుకు తిరుగుతుంటే, ఒప్పు చేసినవాడు తన పని పూర్తిగా తనదేనని నెత్తిన మోసి ఆ బరువు కింద చనిపోయాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టిన నాటకకర్తను, కర్త లేడన్న సిద్ధాంతానికి వకీలుగా నియమించడం ఆయనకు చేసే అన్యాయం.

ఇక వేదాంతం. ఆత్మ చంపదు, చావదు అన్నది గీత రెండవ అధ్యాయంలో ఉన్న మాట. నిమిత్తమాత్రుడివి కమ్మన్నది పదకొండవ అధ్యాయంలో ఉన్న మాట. అహంకారభావం లేనివాడు చంపినా చంపినవాడు కాడన్నది పద్ధెనిమిదవ అధ్యాయంలో ఉన్న మాట. మూడూ నిజమే. కాని ఆ పద్ధెనిమిదవ అధ్యాయంలోనే, ఆ మాటకు మూడు శ్లోకాల ముందు, ఏ కర్మకైనా కారణాలు అయిదని లెక్క కట్టి చెప్పాడు. అధిష్ఠానం, కర్త, వివిధ కరణాలు, వివిధ చేష్టలు, అయిదవది దైవం. కర్త ఒక్కడే అన్నీ చేస్తున్నాడనుకునేవాడు సరిగా చూడనివాడన్నాడు. ఒప్పుకుంటున్నాను. ఆధునికుల పరిస్థితులు, వ్యవస్థ, చిన్ననాటి గాయం అన్నీ ఆ మిగిలిన నాలుగింటిలో ఎక్కడో ఒకచోట ఇముడుతాయి. కాని అయిదింట ఒకటి అంటే సున్న కాదు కదా! లెక్కల మాస్టారిని అడిగినా ఆ మాటే చెబుతారు.

అహంకారం లేనివాడు చంపినా చంపినవాడు కాడన్న వాక్యంలో బరువంతా మొదటి విశేషణం మీద ఉన్నది. అశ్వత్థామకు అహంకారం లేదా? ఘాశీరాముడికి లేదా? పగ, అవమానం, నాది అన్న భావం నిలువెల్లా నిండిన మనిషికి జ్ఞాని లక్షణాన్ని అంటగట్టడం శాస్త్రం కాదు, రోగికి చెప్పులవాడి దుకాణంలో మందు కొనిపెట్టడం. పైగా ఆ బోధ అంతా ముగించాక కృష్ణుడు అర్జునుడితో ఏమన్నాడు? దీనినంతా చక్కగా విచారించి నీకు ఎట్లా తోస్తే అట్లా చెయ్యమన్నాడు. కర్త లేడని ఏడువందల శ్లోకాలు చెప్పినవాడైతే చివర నిర్ణయాన్ని ఎవరికి అప్పగించినట్లు?

భారతి కృష్ణుడు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. గాంధారి శపించినప్పుడు, ఈ పద్ధెనిమిది రోజులలో నేలకూలిన ప్రతి సైనికుడిలోనూ కూలినది తానేనని చెప్పి ఆ శాపాన్ని కన్నతల్లి మాటగా స్వీకరించాడు. దేవుడే అంతా నెత్తిన వేసుకున్నాడు కదా, ఇక మనుషులకేమీ లేదని కొందరి వ్యాఖ్యానం. వారు చివరి అంకం చదవలేదేమో. ప్రాణం విడుస్తూ ఆ కృష్ణుడు తన బాధ్యతను తనతో తీసుకుపోలేదు. మిగిలిన మనుషులకు పంచి వెళ్ళాడు. నాటకం ముగిసేసరికి నిష్క్రియుడైన సంజయుడు, ఆత్మహత్య చేసుకొన్న యుయుత్సుడు, పుండ్లతో కుళ్ళుతున్న అశ్వత్థామ మాత్రమే కనిపిస్తున్నప్పుడు, ఆ పంపకంలో తమ వాటా ఏమిటని ప్రేక్షకులు తడుముకోవాలి. కర్తలు లేరన్న నాటకమైతే పంపకమెందుకు?

ఆత్మనే ఒప్పుకోని బౌద్ధుల సంగతి చూసినా ఇంతే. "నేను" అనే నిత్యపదార్థం లేదన్నారు. ఆ నోటితోనే చేతనే కర్మ అన్నారు, అంటే చేయాలన్న సంకల్పమే కర్మ. అంగుళిమాలుడు భిక్షువైన పిమ్మట ఊరిలోకి వెళితే జనం రాళ్ళు రువ్వారు. తల పగిలి, పాత్ర బద్దలై తిరిగి వచ్చాడు. బుద్ధుడు ఓర్చుకొమ్మన్నాడు, అది నీ కర్మఫలమే అన్నాడు. చంపిన ఆ "నేను" ఇప్పుడు లేదు కదా అని తప్పించలేదు. అనాత్మవాదాన్ని ఆసరా చేసుకొని తప్పుకోవాలనుకునేవారికి అక్కడా చోటు లేదు.

మూడవది సమాజం. నేను వ్యవస్థ ప్రభావాన్ని కాదనేవాణ్ణి కాను. ఎడ్వర్డ్ బాండ్ నాటకం "సేవ్డ్" 1965లో లండన్‌లో ప్రదర్శించినప్పుడు ఎంత గగ్గోలు పుట్టిందో మీలో చాలామందికి తెలుసు. పార్కులో తోపుడుబండిలో ఉన్న పసికందును కుర్రకారు ఆటగా మొదలుపెట్టి రాళ్ళతో కొట్టి చంపుతారు. వారి బతుకులలో అర్థం లేదు, పని లేదు, మాట లేదు. వారిని అట్లా తయారుచేసినది సమాజమేనని బాండ్ గట్టిగా నమ్మాడు. అయినా నాటకంలో ఏం చేశాడు? లెన్ అనే యువకుణ్ణి చెట్టెక్కించి ఆ దృశ్యమంతా చూసేటట్లు చేశాడు. చూసి ఊరుకున్న లెన్ తరువాత ఆ సంగతి తానే చెప్పవలసి వస్తుంది. చివరి రంగంలో ఎవరూ దాదాపు మాట్లాడరు. లెన్ విరిగిన కుర్చీని బాగుచేస్తుంటాడు, అంతే. వ్యవస్థే అంతా అయినప్పుడు ఆ కుర్చీ బాగుచేస్తున్నది ఎవరు? బాండ్ చివర మిగిల్చినది ఒక చిన్న క్రియను, దానికొక కర్తను.

విజయ్ తెండూల్కర్ మరాఠీ నాటకం "ఘాశీరాం కొత్వాల్" 1972లో పుణెలో, జబ్బార్ పటేల్ దర్శకత్వంలో రంగమెక్కింది. ఇది మన వ్యాకరణ సూత్రానికి ఉదాహరణగా రాసినట్లే ఉంటుంది. కనౌజ్ నుంచి వచ్చి పుణెలో దొంగగా అవమానం పొందిన ఘాశీరాముడు, కూతురు గౌరిని నానా ఫడణవీసుకు అప్పగించి కొత్వాలు పదవి సంపాదిస్తాడు. ఊరి మీద పగ తీర్చుకొంటాడు. ఖైదులో వేసిన బ్రాహ్మణులు ఊపిరాడక చనిపోయాక జనం తిరగబడతారు. నానా ఒక్క సంతకంతో ఘాశీరాముణ్ణి ఆ జనానికి అప్పగిస్తాడు, వారు అతణ్ణి చంపుతారు, ఊరిలో ఉత్సవం ప్రకటిస్తారు. దీనికి మూలమైన ఘటన 1791 నాటిది. చరిత్రలో ఆ ఖైదులో ఊపిరాడక మరణించినవారు తెలంగీ బ్రాహ్మణులు, అంటే మనవారే. ఈ నాటకంలో ప్రయోజ్య కర్తకు రాళ్ళు, ప్రయోజక కర్తకు జేజేలు. ఘాశీరాముడు కేవలం పనిముట్టు అని చెప్పి జాలిపడితే నాటకం సగమే చూసినట్లు. అంతా ఘాశీరాముడే చేశాడని చెబితే మిగతా సగమే చూసినట్లు. తెండూల్కర్ ఇద్దరినీ చూడమన్నాడు. రాళ్ళు రువ్వి నాట్యమాడిన ఊరిని కూడా చూడమన్నాడు. కర్తల సంఖ్యను పెంచాడేగాని ఒక్కణ్ణి కూడా తగ్గించలేదు.

ఈ చర్చ నాటకశాలలో ఆగిపోయేది కాదని మొదటే అన్నాను. తెలుగు వార్తాపత్రిక తీసి చూడండి. "ఎదురుకాల్పుల్లో ముగ్గురి మృతి". "ఘర్షణలో ఒకరు హతం". "ప్రజాకోర్టు శిక్ష విధించింది". కాల్పులు చంపుతాయి, ఘర్షణ చంపుతుంది, కోర్టు కాని కోర్టు చంపుతుంది. తుపాకి పట్టిన చెయ్యి ఏ పక్షానిదైనా సరే, వాక్యంలో చోటు చేసుకోదు. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం పలువురికి శిక్షలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నేరం రుజువు కాలేదని వారందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. ఆ తీర్పు మంచిచెడ్డలు విచారించడానికి నేను న్యాయవేత్తను కాను. ఫలానావాడు కర్త అని రుజువు కాలేదనడం న్యాయస్థానం పని, అనవచ్చు. కర్తే లేడనడం వేరు. మొదటిదానిలో ఎనిమిది శవాలూ సమాధానం కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. రెండవదానిలో ప్రశ్నే చచ్చిపోతుంది. సాహిత్యంలో ఆ రెండవ మాటను మహాసత్యమని అలవాటు చేసినవారు, వీధిలో దాని ఫలితానికి ప్రయోజక కర్తలవుతారు.

కరుణ పేరుతో ఈ వాదాన్ని సమర్థించేవారు కూడా ఉన్నారు. హంతకుణ్ణి మనిషిగా చూడాలంటే నేరం అతడిది కాదనాలని వారి ఉద్దేశం. పోతనగారి భాగవతంలో ద్రౌపది దగ్గరకు అర్జునుడు అశ్వత్థామను కట్టి తెస్తాడు. చచ్చినవారు ఆమె అయిదుగురు కొడుకులు. నిద్రపోతున్న పసివాళ్ళ మీద నీకు చేతులెట్లా ఆడాయని ఆమె అడుగుతుంది. అడిగిన తరువాతనే విడిచిపెట్టమంటుంది. నాలాగా కృపి కూడా కడుపుకోతతో ఏడవకూడదంటుంది. ముందు ఆ చేతులు నీవేనన్నది, తరువాత క్షమ. అడగకుండా విడిచిపెట్టమని ఉంటే అది క్షమ అయ్యేది కాదు. చేసినవాడే లేనప్పుడు క్షమించేది ఎవరిని? గాలివానను ఎవరైనా క్షమిస్తారా? కర్తను తొలగించినవారు శిక్షను మాత్రమే తొలగించామనుకుంటున్నారు. పశ్చాత్తాపాన్ని, క్షమను, మనిషి మారగలడన్న ఆశను కూడా దానితోపాటే ఊడ్చివేశారు. అశ్వత్థామను పూర్తిగా మృగంగా మిగిల్చినది భారతి కాదు, ఆయన వ్యాఖ్యాతలు.

కనుక మిత్రులకు నా విన్నపం ఒక్కటే. హింస ఉన్న నాటకాన్ని గురించి ఇకముందు రాసేటప్పుడు "హింస చోటుచేసుకుంది", "హత్య జరిగిపోయింది" అన్న వాక్యం మీ కలం నుంచి వస్తే, అక్కడ ఒక్క క్షణం ఆగి ఎవరు అని అడగండి. ఒకడు దొరికితే వాడి వెనుక ఎవరని అడగండి. వాకిట కాపున్నది ఎవరని, చెట్టెక్కి చూస్తున్నది ఎవరని కూడా అడగండి. పేర్లు పెరుగుతున్నకొద్దీ నాటకం మీకు దగ్గరవుతుంది. వ్యాకరణంలో మేము చెప్పే మొదటి ప్రశ్న ఇదే, తత్త్వశాస్త్రంలో చివరి ప్రశ్న కూడా ఇదేనేమో.

విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్య రాయండి. "ఈ టపాలో పొరపాట్లు దొర్లాయి" అని మాత్రం రాయకండి. మీరు పొరబడ్డారు అని రాయండి, బదులు చెబుతాను.